బస్సు గుర్తు జీవరాజు

మా ఇంటి దగ్గరి రైల్వే గేటు ఒకసారి పడితే ఎప్పుడు లేస్తుందో చెప్పడం ఎవరి వల్లా అయ్యేది కాదు. గూడ్సు వెళ్లాక లోకలు, లోకలు వెళ్లాక ఒంటి ఇంజను. మా ఆయన దగ్గర కారు నేర్చుకునేవాళ్లకు గంట పాఠంలో ఇరవై నిమిషాలు అక్కడే పోయేవి. మల్కాజ్‌గిరిలో ఒక్క గది ఆఫీసు, రెండు పాత ఫియట్ కార్లు, ఇదీ మా డ్రైవింగ్ స్కూలు. ఆయన నేర్పేవారు, నేను లైసెన్సు కాగితాలు నింపేదాన్ని. ఆ గేటు దగ్గర వంతెన కట్టించమని ఆయన పదేళ్లుగా అర్జీలు రాస్తూనే ఉన్నారు. రైల్వే అంటే ఢిల్లీ వ్యవహారం కాబట్టి అర్జీలన్నీ ఢిల్లీకే వెళ్లేవి. "పరిశీలనలో ఉన్నది" అని జవాబొచ్చేది. కొన్నిసార్లు అదీ వచ్చేది కాదు.

ఆ వేసవిలో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. ఇంకా కాగితం బ్యాలెట్ మీద ముద్ర గుద్ది ఓటేసే రోజులవి. మార్చి నెలలో ఒక ఉదయం వీరయ్య మా ఆఫీసుకు వచ్చాడు. ప్లాట్లు అమ్మే మనిషి. ఒక పెద్ద పార్టీ అభ్యర్థి వెనకాల తిరుగుతుంటాడని పేటలో అందరికీ తెలుసు. రెండేళ్ల క్రితం మా ఆయన దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నాడు.

"అన్నా, నువ్వు ఎంపీకి నిలబడాలె," అన్నాడు, ఇంకా కుర్చీలో కూర్చోకముందే.

మా ఆయన కారుకు కట్టే ఎల్ బోర్డుకు ఎర్రరంగు వేస్తున్నారు. కుంచె పట్టుకునే నవ్వారు. "పొద్దున్నే నేనే దొరికానా వీరయ్యా?"

"నవ్వుతవేందన్నా? గా గేటు కాడ బ్రిడ్జి గురించి ఎన్ని కాయితాలు రాసినవ్? ఎవడన్న ఇన్నడా? నువ్వే పోయి అడగాలె. సైనిక్‌పురి కాడికెళ్లి ఈడిదాంక సగం మందికి స్టీరింగు పట్టుడు నువ్వే నేర్పినవ్. గా మందంత నీకు ఓటెయ్యరా?"

"మరి మీ పార్టీ?"

"పార్టీ పార్టీయే, దోస్తానా దోస్తానాయే. గెలుసుడు, ఓడుడు పక్కకు పెట్టు. నీ బ్రిడ్జి ముచ్చట మైకుల వడ్తది. డిపాజిట్ గిట్ల నేను చూస్కుంట. నువ్వు పరేషాన్ గాకు."

వీరయ్య వెళ్లాక అడిగాను. "అదంతా ఆయనెందుకు చూసుకుంటాడండీ?"

"నేర్పినవాడి మీద అభిమానం ఉండకూడదా కాంతం?" అన్నారాయన. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఆ పూట పాఠానికి వెళ్లే ముందు అద్దంలో రెండుసార్లు తల దువ్వుకున్నారు.

నామినేషన్ రోజున మా పెళ్లినాటి కోటు వేసుకున్నారు. ఆ ఎండలో అదేమిటన్నా వినలేదు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. వీరయ్య మనుషులు సంతకాలవీ ముందే సిద్ధం చేసి ఉంచారు. మాకు ఏ తక్లీఫూ లేకుండా అరగంటలో పని అయిపోయింది.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనం వేళకు లూకా వచ్చాడు. లూకా నా తమ్ముడు. రైల్వేలో గ్యాంగ్‌మన్. లైను పని మీద రెండు వారాలు ఊళ్లో లేడు. పదకొండేళ్లు పట్టాల మీద రోజుకూలీగా చేసి, అంతకు ముందు ఏడాదే పర్మనెంటు అయ్యాడు. అలాంటి నాలుగు వందల మంది తరఫున కొట్లాడి, సస్పెండై, జైల్లో కూడా కూర్చున్న యూనియన్ నాయకుడు ఒకాయన ఉండేవారు. రైల్వే బస్తీల్లో అందరూ ఆయన్ని పెద్దన్న అనేవాళ్లు. మేమూ ఆయన గురించి ఆ పేరుతోనే విన్నాం. ఏ పార్టీ లేకుండా ఆయన ఈసారి ఎంపీకి నిలబడుతున్నారని లూకా సంక్రాంతికి ముందు నుంచీ చెబుతూనే ఉన్నాడు.

చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "బావా, పెద్దన్న అసలు పేరేంటో తెలుసా మీకు?" అన్నాడు.

మా ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఎం. జీవరాజు. ఇవాళ లిస్టు పెట్టారు. కె. జీవరాజు, ఎం. జీవరాజు. మీరు పైన, ఆయన కింద. వీరయ్య ఊరికే రాలేదు బావా మీ దగ్గరికి. ఆయన ఓట్లు చీల్చడానికి మీ పేరు కావాల్సొచ్చింది."

మా ఆయన కంచంలో వేలితో అన్నం పక్కకు జరుపుతూ ఉండిపోయారు. "పేర్లు కలిస్తే అది నా తప్పా?" అన్నారు చివరికి. చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

మర్నాడు ఉదయం పెద్దన్నే మా ఇంటికి వచ్చారు, లూకాను వెంటబెట్టుకుని. అరవై దాటిన సన్నటి మనిషి. ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ నడుస్తారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను కూడ జీవరాజునే సార్," అని నవ్వారు. "మిమ్మల్ని నిలబడొద్దనే హక్కు నాకు లేదు. మీ బ్రిడ్జి సంగతి లూకా చెప్పిండు. న్యాయమైనదే. కాని నాకు ఓటేసేటోళ్లల్ల సగం మందికి చదువు రాదు. ఎవరో ఒకరు పేరు చెప్పాలె, బొమ్మ చూసి గుద్దాలె. ఇయ్యాల మూడు గంటల దాంక టైముంది. మీరు విత్‌డ్రా చేసుకుంటే మంచిది. నేను గెలిస్తే ఫస్టు మీ బ్రిడ్జే అడుగుత."

ఆయన ఎంతో మర్యాదగా చెప్పారు. కసిరినా బాగుండేదేమో.

"అంటే నాకు పేరు తప్ప ఇంకేమీ లేదంటారు," అన్నారు మా ఆయన.

"గట్ల అనలే సార్ నేను."

"వీరయ్యా అదే అనుకున్నాడు, మీరూ అదే అంటున్నారు. నాలుగు వేల మందికి నేర్పానండీ నేను. నా పేరు చూసి రాలేదు వాళ్లెవరూ. నా చేతిలో కారు నేర్చుకున్నవాడు ఒక్కడు కూడా ఇంతవరకు యాక్సిడెంటు చెయ్యలేదు. నా బ్రిడ్జి నేనే అడుగుతాను."

లూకా నేల చూపులు చూస్తున్నాడు. పెద్దన్న ఓపిగ్గా నిలబడ్డారు. అప్పుడు మా ఆయన నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు కాంతం. విరమించుకోనా?"

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన అలా నలుగురి ముందు నన్నో మాట అడగడం అదే మొదటిసారి. ఏం చెప్పాలో నాకు తెలుసు. నా తమ్ముడి ముఖం చూసినా తెలుసు, ఆ పెద్దాయన కాలు చూసినా తెలుసు. కానీ మా ఆయన ముఖం కూడా నాకు కనబడుతోంది. ఇంకెవరో వద్దన్నది చాలక నేను కూడా వద్దంటానేమోనని చూస్తున్న ముఖం.

"మీ ఇష్టం," అన్నాను.

"సరే అమ్మా, వస్త," అని పెద్దన్న వెళ్లిపోయారు. లూకా ఆయన వెనకే వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం మూడు గంటలకు మా ఆయన ఒక బ్యాంకు ఉద్యోగినికి కారు రివర్సు చెయ్యడం నేర్పుతున్నారు. నేను ఆఫీసు గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నాను.

గుర్తులు ఇచ్చేటప్పుడు వీరయ్యే సలహా చెప్పాడు. "బస్సు అడుగన్నా. డ్రైవింగ్ నేర్పేటోనికి బస్సు కంటె మంచి గుర్తేముంటది?" మా ఆయనకు ఆ మాట నచ్చింది. అడిగారు, ఇచ్చారు. పెద్దన్నకు రైలింజను వచ్చింది. నమూనా బ్యాలెట్ ఇంటికి వచ్చినప్పుడు చూశాను. గోరంత గోరంత బొమ్మలు. దీనికీ చక్రాలే, దానికీ చక్రాలే. దీనికీ కిటికీలే, దానికీ కిటికీలే. నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను, తీసి చూశాను. మడిచి బల్ల మీద పెట్టాను.

మొదటి వారం ఆయన సైనిక్‌పురి, ఏ.ఎస్. రావు నగర్ తిరిగారు. ఎల్ బోర్డు ఉన్న ఫియట్ మీదే మైకు కట్టించారు. పాత శిష్యులు గుమ్మాల్లోకి వచ్చి, "మాస్టారూ, మీరా!" అని మజ్జిగ ఇచ్చారు. ఒక రిటైర్డు సుబేదారు ఆయన్ని కావలించుకున్నాడు కూడా. కానీ వంతెన మాట ఎత్తేసరికి వాళ్లు తమ కూతురికో కోడలికో ఎప్పటినుంచి నేర్పుతారని అడిగేవాళ్లు. ఓటు మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన సాయంత్రం ఇంటికి వచ్చి, "అందరూ ఎంతో గౌరవంగా చూశారు," అనేవారు.

రెండో వారంలో వీరయ్య అచ్చు వేయించిన కరపత్రం మా చేతికొచ్చింది. "మన జీవరాజుకే మన ఓటు" అని పెద్ద అక్షరాలు, కింద బస్సు బొమ్మ. అంతే. ఫొటో లేదు, డ్రైవింగ్ స్కూలు మాట లేదు, వంతెన మాట అసలే లేదు. వాటిని పంచింది కూడా రైల్వే బస్తీల్లోనే. సైనిక్‌పురికి ఒక్కటీ వెళ్లలేదు.

"ఏవన్నా తప్పు పడిందేమో, కనుక్కుందాం," అని ఆయన నన్ను కూడా కారెక్కించుకుని ఆ బస్తీకి తీసుకెళ్లారు. పట్టాల పక్కన రేకుల ఇళ్లు. మైకు ఆపి, దిగి నడుస్తున్నాం. ఎల్లమ్మ అనే ముసలావిడ ఎదురొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"జీవరాజువా బిడ్డా? నీ పేరు రోజు ఇంటం గని మనిషిని చూసుడు ఇదే. నా కొడుకు నౌకరి పర్మనెంటు జేయించినవ్. మేం అయిదుగురం ఉన్నం ఇంట్ల. అయిదు ఓట్లు నీయే."

"కాదమ్మా, ఆయన వేరు, నేను వేరు," అన్నారు మా ఆయన.

"గట్లంటవేంది? జీవరాజువు గావా?"

"జీవరాజునే, కానీ..."

"మరింకేంది!" అని నవ్వి, ఆయన చేతులు కళ్లకద్దుకుంది. చుట్టూ ఇంకో పది మంది చేరారు. ఆయన చెబుతూనే ఉన్నారు, వాళ్లు తలలు ఊపుతూనే ఉన్నారు. పెద్దవాళ్లు అలాగే అణకువగా మాట్లాడతారు అనుకున్నట్టు చూశారు ఆయన్ని.

తిరిగొచ్చేటప్పుడు కారు గేటు దగ్గర ఆగింది. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, తన చేతుల వైపే చూస్తూ కూర్చున్నారు. గేటు లేచింది, వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. నేను భుజం తట్టేదాకా బండి కదల్లేదు.

మర్నాడే ఎన్నికల ఆఫీసుకు వెళ్లి పేరు తీసేయమని అడిగారు. గడువు దాటాక తీసే పద్ధతి లేదన్నారు. పోనీ, పేరు పక్కన డ్రైవింగ్ స్కూలని వెయ్యండి అన్నారు. బ్యాలెట్లు అచ్చుకు వెళ్లిపోయాయన్నారు. ఎవరూ విసుక్కోలేదు, కుర్చీ వేసి మరీ చెప్పారట.

అప్పటినుంచి ఆయన పాఠాలు మానేసి, పొద్దున ఏడింటికే కారు తీసేవారు. ఒక్కో బస్తీకీ వెళ్లి మైకులో చెప్పేవారు. "అయ్యా, అమ్మా, నేను డ్రైవింగ్ స్కూల్ జీవరాజును. నాకు ఓటు వెయ్యొద్దు. మీ పెద్దన్న జీవరాజు గారి గుర్తు రైలింజను. నా గుర్తు బస్సు. బస్సుకు వెయ్యొద్దు, ఇంజనుకు వెయ్యండి." తనకు ఓటు వెయ్యొద్దని చెప్పే అభ్యర్థిని జనం ఎక్కడా చూసి ఉండరు. పిల్లలు కారు వెంట పరుగెత్తుతూ "జీవరాజు, బస్సు! జీవరాజు, ఇంజను!" అని కేకలు పెట్టేవాళ్లు.

అయిదో రోజున నేనూ కారులో ఉండగా యూనియన్ వాళ్లు అడ్డం వచ్చారు. "ఏం డ్రామా షురూ చేసినవయ్యా? మా జనాన్ని గడబిడ చేస్తున్నవా?" అని ఒకతను మైకు తీగ పీకి పారేశాడు. ఇంకొకతను ఎల్ బోర్డు విరిచాడు. ఆయన కారులోంచి దిగి, "నేను మీకోసమే..." అంటున్నారు. ఎవరూ వినడం లేదు. ఆ గుంపులో లూకా ఉన్నాడు. వాడు చెయ్యి ఎత్తలేదు, ఎత్తినవాళ్లను ఆపనూ లేదు. నేను కారు అద్దంలోంచి వాడినే చూస్తున్నాను. వాడు నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం వీరయ్య వచ్చాడు. "మస్తు చేసినవన్నా. జీవరాజు, బస్సు, ఇంజను అని అయిదు రోజులు పొద్దంత ఒర్రినవ్. ఇగ ఎవనికి ఏది యాదుంటది? మేమే ఇంత మంచిగ చెయ్యకపోదుము." అతను వెక్కిరించలేదు. నిజంగా మెచ్చుకున్నాడు.

పోలింగ్ రోజున మా ఇద్దరి ఓట్లూ వీధి చివరి బడిలోనే. తిరిగి నడిచి వస్తుంటే ఆయన అన్నారు, "ఇంజనుకు వేశాను."

"నేనూ," అన్నాను.

లెక్కింపు రోజున ఆయన రానన్నారు. "నువ్వు వెళ్లు. ఎందరు పొరబడ్డారో మన మనిషి ఒకరు చూడాలి కదా," అన్నారు. ఆయన ఏజెంటుగా నా పేరు రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. హాల్లో బల్లలకూ మాకూ మధ్య ఇనప జాలీ. జాలీకి ఇవతల కుర్చీల్లో అభ్యర్థుల మనుషులం. నా పక్క కుర్చీలో పెద్దన్న తరఫున కూర్చున్నది లూకాయే.

గుమాస్తా ఒక్కో కాగితం విప్పి, పైకెత్తి మాకు చూపించి, గుర్తును బట్టి ట్రేలో వేస్తున్నాడు. పెద్ద పార్టీల ట్రేలు నిండుతున్నాయి, ఇంజను ట్రే నిండుతోంది. బస్సు ట్రేలో మొదట రెండు, తర్వాత ఆరు, ఇరవై... కాగితం విప్పినప్పుడల్లా నా లోపల నేను ప్రార్థన చేసుకునేదాన్ని, ఇది బస్సు కాకూడదు ప్రభువా అని. మా ఇంటి ఓట్లు రెండూ లేని బస్సుకు కట్టల మీద కట్టలు కడుతున్నారు. ఒక కాగితం మీద రెండు ముద్రలున్నాయి. బస్సు మీద ఒకటి, ఇంజను మీద ఒకటి. ఇద్దరు జీవరాజుల్లో ఎవరినీ బాధపెట్టడం ఇష్టం లేనివాళ్లెవరో. గుమాస్తా దాన్ని చెల్లనివాటిలో వేశాడు.

మధ్యాహ్నం లూకా టిఫిన్ డబ్బా తెరిచి, సగం మూతలో పెట్టి నా వైపు జరిపాడు. తిన్నాను.

సాయంత్రానికి తేలింది. బస్సుకు పద్నాలుగు వేల చిల్లర. వీరయ్య పార్టీ అభ్యర్థి చేతిలో పెద్దన్న ఓడిపోయింది ఆరు వేల లోపు తేడాతో. లూకా అంకెలు కాగితం మీద రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వస్తా అక్కా," అన్నాడు. ఆ తర్వాత ఏడాది పైగా వాడు మా గడప తొక్కలేదు.

నేను ఇల్లు చేరేసరికి వీధివాళ్లు మా ఆయన చుట్టూ ఉన్నారు. "పద్నాలుగు వేలంటే మాటలా మాస్టారూ! మొదటిసారికే!" వీరయ్య అప్పటికే వచ్చి బంతిపూల దండ వేసి వెళ్లాడట. ఆయన ఆ దండతోనే నిలబడి ఉన్నారు. తీసెయ్యాలని కూడా తోచనట్టు ఉన్నారు. నేనే దగ్గరికెళ్లి తీశాను.

జూన్‌లో ఒక ఆదివారం చర్చి నుంచి తిన్నగా లాలాగూడకు పోనిచ్చారు కారును. పెద్దన్న ఇల్లు లూకా ఎప్పుడో చెప్పిన గుర్తులతో కనుక్కున్నాం. రెండు గదుల ఇల్లు, ముందు చిన్న గేటు. దారిలో ఆయన, "ఏమని మొదలుపెట్టను కాంతం?" అన్నారు. "తప్పయిందని చెప్పండి చాలు," అన్నాను. ఆ మాటైనా నేను ఆలస్యంగా చెప్పిందే.

తలుపు కొడితే పెద్దన్న భార్య మేబెల్ గారు తీశారు. చేతికి పిండి అంటి ఉంది. "ఎవరు కావాలండీ?"

"సారు ఉన్నారా?" అన్నారు మా ఆయన.

"ఉన్నరు. ఎవరొచ్చిన్రని చెప్పాలె?"

ఆయన నోరు తెరిచారు. పేరు చెప్పడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది! ఆవిడ వేచి చూస్తున్నారు. ఆయన నా వైపు చూశారు, గుమ్మం వైపు చూశారు.

లోపలి నుంచి గొంతు వినబడింది. "ఎవరు మేబెల్?"

"ఏమో. పేరు చెప్తలేరు," అన్నారావిడ.

ఈడుస్తున్న కాలి చప్పుడు దగ్గరకు వచ్చేసరికి మా ఆయన గేటు దాటి కారు దగ్గరికి వెళ్లిపోయారు. అటు తిరిగి నిలబడ్డారు. నేనొక్కదాన్నే మెట్టు మీద మిగిలాను.

పెద్దన్న బయటికొచ్చి నన్ను చూశారు, నా వెనక కారును చూశారు. ఆయన ముఖంలో కోపం లేదు. నాలుగు రోజులు జ్వరం పడి లేచిన మనిషిలా ఉన్నారు. "చెప్పమ్మా," అన్నారు.

చెప్పాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి. వారాల తరబడి పొయ్యి దగ్గరా, ఆఫీసు బల్ల దగ్గరా కూర్చుకున్న మాటలు. ఒక్కటీ రాలేదు.

"కొంచెం మంచినీళ్లు ఇప్పిస్తారా?" అన్నాను.

మేబెల్ గారు చెయ్యి కడుక్కుని స్టీలు గ్లాసు నిండా తెచ్చారు. దాహం లేదు నాకు. అక్కడే మెట్టు మీద నిలబడి, ఆయన చూస్తుండగా, గ్లాసు అడుగుదాకా తాగాను.